ట్రైలర్ మీద రేస్ కారు కట్టి తీసుకెళ్ళడం: అందరూ అడిగే డౌట్లు, నా జవాబులు

మన విజయవాడలోనూ లేదు, గుంటూరులోనూ లేదు ట్రాక్. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై వెళ్ళాలంటే దగ్గర దగ్గర 450 కిలోమీటర్లు, కోయంబత్తూరు కరి స్పీడ్‌వేకి అయితే దానికి రెట్టింపు. ట్రాక్ మీద కారు తిరిగేది ఓ అరగంట, దానికోసం ట్రైలర్ మీద కూర్చునేది పన్నెండు గంటలు. ఆటోనగర్‌లో టీ తాగేటప్పుడు, రాత్రి పదకొండింటికి ఫోన్లో, కాలేజీ పిల్లలు గేటు దగ్గర నిలబెట్టి, అందరూ అవే ప్రశ్నలు అడుగుతున్నారు కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నా. మీకు కావాల్సిన ప్రశ్నకి డైరెక్ట్‌గా వెళ్ళిపోండి, మొత్తం చదవక్కర్లేదు.

## బయల్దేరడానికి వారం ముందు

అన్నా, ట్రైలర్ గొడవ ఎందుకు, డీసీఎంలో ఎక్కించేస్తే సరిపోదా?

సరిపోతుంది. మన దేశంలో చాలా టీమ్‌లు లారీల్లోనే పంపుతాయి. కాకపోతే రెండు చిక్కులు. డీసీఎం ఫ్లోర్ నడుము ఎత్తులో ఉంటుంది, అంత ఎత్తుకి కిందకి దిగిన రేస్ కారుని ఎక్కించాలంటే గోడౌన్ ప్లాట్‌ఫామ్ లాంటిది రెండు చోట్లా దొరకాలి, ఇక్కడ దొరికినా ట్రాక్ దగ్గర దొరకాలి కదా. రెండోది, డీసీఎం బాడీ పక్కన ఉండే చిన్న హుక్కులు పట్టా తాళ్ళు కట్టుకోడానికి పెట్టినవి, టన్ను కారు సడన్ బ్రేక్‌లో లాగితే అవి వంగిపోతాయి. డీసీఎంలోనే తీసుకెళ్తే ఫ్లోర్ కింద క్రాస్ మెంబర్లకి, అంటే అడ్డంగా ఉండే ఇనప దూలాలకి, రింగులు బోల్ట్ చేయించుకుని వాటికే కట్టండి.

ట్రైలర్‌కి కూడా రిజిస్ట్రేషన్ కావాలా? దానికి ఇంజన్ లేదు కదా

కావాలి. 1988 మోటార్ వాహనాల చట్టంలో మోటార్ వెహికల్ అన్న మాటకి ఇచ్చిన అర్థంలోనే ట్రైలర్ కూడా ఉంది, అంటే ఇంజన్ లేకపోయినా దానికి నంబరు, పేపర్లు ఉండాల్సిందే. ఆటోనగర్‌లో వెల్డింగ్ చేయించి తెల్లారి హైవే ఎక్కేద్దాం అనుకునేవాళ్ళకి ఇది ఎప్పుడూ చేదుగానే ఉంటుంది. కట్టించే ముందే ఆర్టీఓ ఆఫీసులో అడగండి, కట్టించాక కాదు.

కారుకి నంబర్ ప్లేట్ లేదు, దారిలో పోలీసులు ఆపితే ఏం చెప్పాలి?

ఉన్నది ఉన్నట్టు చెప్పండి. అది రోడ్డు మీద నడవట్లేదు, సరుకులాగా వెళ్తోంది. కారు కొన్న బిల్లో, ఇన్వాయిసో, ఈవెంట్ ఎంట్రీ పేపర్, ఎఫ్ఎంఎస్‌సీఐ (మన దేశంలో మోటార్ రేసింగ్ చూసుకునే సంస్థ) లైసెన్స్ ఉంటే దాని కాపీ, అన్నీ ఒక ఫైల్లో పెట్టి లాగే బండి డ్యాష్‌బోర్డ్‌లో ఉంచండి. ట్రైలర్ మీంచి దించి వంద మీటర్లు రోడ్డు మీద నడిపినా అప్పుడు కథ వేరే, టిఫిన్ సెంటర్ ముందు షో కోసం దించకండి.

ఇన్సూరెన్స్ ఉంది కదా, ట్రైలర్ మీంచి పడితే క్లెయిమ్ వస్తుందా?

మామూలు మోటార్ పాలసీ రేసింగ్‌ని కవర్ చెయ్యదు. రిజిస్ట్రేషన్ లేని కారుకి అసలు ఆ పాలసీయే ఉండదు. రవాణాలో డ్యామేజీకి ఇన్లాండ్ ట్రాన్సిట్ పాలసీ అని విడిగా ఉంటుంది, దానికోసం ఏజెంట్‌ని అడగండి, అడిగేటప్పుడు రేస్ కారు అని దాచకుండా చెప్పండి.

ట్రైలర్‌లో ముందుగా ఏం చెక్ చేయాలి?

టైర్లు. టైర్ పక్కన నాలుగు అంకెలు గుద్ది ఉంటాయి, 2319 అంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైంది అని. ట్రైలర్ నెలల తరబడి షెడ్డు బయట ఎండకి నిలబడి ఉంటుంది కాబట్టి టైర్ అరగదు, పగుళ్ళు వచ్చి చచ్చిపోతుంది, పైకి కొత్తదానిలాగే కనపడుతుంది. గాలి తక్కువుంటే వేడెక్కి పేలుతుంది, మే నెలలో మన ఎండలో మరీ. తర్వాత వీల్ నట్లు టార్క్ రెంచ్‌తో బిగించి, జాకీ ఎత్తి చక్రం చేత్తో తిప్పి చూడండి, గరగర అంటే బేరింగ్ పోయినట్టే. లైట్లు, ఇండికేటర్లు, కప్లింగ్ (ట్రైలర్‌ని బండికి తగిలించే చోటు) లాక్, దాని కింద సేఫ్టీ చైన్లు రెండూ క్రాస్‌గా ఉండాలి, ఎందుకంటే కప్లింగ్ ఊడిపోయినా ట్రైలర్ ముక్కు రోడ్డుని పొడవకుండా ఆ చైన్ల ఉయ్యాలలో పడుతుంది.

## బెల్టులు కొనేటప్పుడు

గుంటూరు యార్డులో మిర్చి లోడు కట్టే తాడు ఉంది, గట్టిదే, దాంతో కట్టొచ్చా?

ఆ తాడు గట్టిదే, కట్టేవాళ్ళ చెయ్యి ఇంకా గట్టిది, టిక్కీలు (మిర్చి బస్తాలు) రెండు లారీల ఎత్తు పేర్చి చెన్నై దాకా ఒక్కటి కూడా జారకుండా తీసుకెళ్తారు. కానీ టిక్కీలు తాడు కింద నొక్కుకుంటాయి, ఒకదానికొకటి పట్టుకుంటాయి. కారు అట్లా కాదు, నాలుగు చక్రాలున్న వస్తువు, దొర్లడానికే పుట్టింది, పైగా స్ప్రింగుల మీద ఊగుతుంది. నైలాన్ తాడు సాగుతుంది, తడిస్తే ఇంకా సాగుతుంది, ముడి ఎంత బిగించినా గంటకి వదులు. పాలిస్టర్ రాట్చెట్ బెల్టులే (హ్యాండిల్ ఆడిస్తే పళ్ళ చక్రం మీద బిగిసేవి) వాడండి, షాపులో లాషింగ్ బెల్ట్ అనండి చాలు.

షాపువాడు 5 టన్నుల బెల్ట్ అన్నాడు, నిజంగా 5 టన్నులు ఆపుతుందా?

బెల్ట్‌కి కుట్టిన లేబుల్ చూడండి, షాపువాడి నోరు కాదు. యూరప్ పద్ధతి లేబుల్ ఉన్న 50 మిల్లీమీటర్ల బెల్ట్ మీద సాధారణంగా ఎల్‌సి 2500 అని, దాని పక్కన 5000 అని ఉంటుంది. ఒక కొన నుంచి ఇంకో కొనకి తిన్నగా లాగితే 2500 కిలోలు, వస్తువు చుట్టూ తిప్పి లూపులా వేస్తే 5000, ఆ 5 టన్నులు ఇదే. అమెరికా పద్ధతి బెల్ట్ అయితే తెగిపోయే బరువులో మూడో వంతే పనిచేసే బరువుగా రాస్తారు, అంటే 4500 కిలోలకి తెగే బెల్ట్‌కి 1500 కిలోలు. లేబుల్ రంగు కూడా మాట్లాడుతుంది: నీలం అయితే పాలిస్టర్, ఆకుపచ్చ అయితే నైలాన్ జాతి, గోధుమ రంగు అయితే పాలీప్రొపిలిన్. నీలం తీసుకోండి. అసలు లేబులే లేకపోతే దాన్ని పట్టా కట్టుకోడానికి వాడుకోండి.

ఎన్ని బెల్టులు కావాలి? రెండు పెద్దవి సరిపోవా?

నాలుగు, ఒక్కో మూలకి ఒకటి, స్పేర్ ఇంకోటి. అమెరికాలో కార్లు మోసే ట్రక్కులకి రూలే ఉంది, ముందూ వెనకా కట్టి తీరాలి, బెల్టులు కనీసం రెండు ఉండాలి, కారు ముందుకి, వెనక్కి, పక్కకి, పైకి ఎటూ కదలకూడదు. ఆ కనీసం మీద ఆధారపడితే ఒకటి తెగగానే సగం పోయినట్టు, అందుకే నాలుగు అంటున్నా.

లెక్క కావాలంటే ఇదిగో. యూరప్ లోడ్ స్టాండర్డ్ ఈఎన్ 12195 ప్రకారం బ్రేక్ వేసినప్పుడు సరుకు ముందుకి తన బరువులో 80 శాతంతో తోస్తుందని, పక్కలకి, వెనక్కి 50 శాతంతో తోస్తుందని పట్టుకుని కట్టాలి. 950 కిలోల స్విఫ్ట్ అనుకోండి, ముందుకి 760 కిలోల తోపు. దాన్ని ఆపేది వెనక రెండు బెల్టులు. 45 డిగ్రీల వాలులో ఉంటే బెల్ట్ బలంలో 70 శాతమే అడ్డంగా పనిచేస్తుంది, అంటే 2500 లో 1750, రెండూ కలిపి 3500. చాలా మిగులు కనపడుతోంది కదా, అందుకే మంచి బెల్ట్ తెగి కారు పడిపోవడం అరుదు. పోయేది హుక్, లేకపోతే రింగు, లేకపోతే మనం కట్టిన తీరు.

ఇనప చైన్ అయితే ఇంకా సేఫ్ కదా?

ట్రాక్టర్‌కి, జేసీబీకి అయితే చైన్. రేస్ కారుకి వద్దు. చైన్ కొంచెం కూడా ఇవ్వదు కాబట్టి ప్రతి గుంట దెబ్బ నేరుగా కారు పాయింట్‌కే తగులుతుంది, దాన్ని సరిగ్గా బిగించడానికి విడిగా బైండర్ కావాలి, పైగా ఒక లింకు ఎక్కువ తక్కువ అయితే లూజే.

ట్రైలర్‌కి రింగులు ఎక్కడ వెల్డ్ చేయించాలి?

ఫ్లోర్ రేకుకి మాత్రం కాదు. రేకు కింద ఉండే చాసీ చానల్‌కో క్రాస్ మెంబర్‌కో రావాలి. వెల్డ్ చేయించే బదులు బోల్ట్ చేయిస్తే కింద వెడల్పాటి ప్లేట్ వేసి 8.8 గ్రేడ్ బోల్టులు వాడండి. రింగులు కారు చక్రాలకి ఒక అడుగు, అడుగున్నర ముందూ వెనకా వచ్చేలా పెట్టించండి, మరీ చక్రం పక్కనే ఉంటే బెల్ట్ నిట్టనిలువుగా నిలబడి కిందకి మాత్రమే లాగుతుంది, ముందుకి జారకుండా ఆపదు. ఆటోనగర్‌లో పని బాగా చేస్తారు, కానీ వాళ్ళకి మీరు ఏం కడతారో చెప్పకపోతే లారీ పట్టా కొలతలో పెట్టేస్తారు, కారు తీసుకెళ్ళి పక్కన నిలబెట్టి చాక్‌పీసుతో గీసి చూపించండి.

## కారు ఎక్కించేటప్పుడు

కారు ఎక్కిస్తుంటే ట్రైలర్ ముక్కు పైకి లేచింది, గుండె ఆగినంత పనైంది, ఎందుకలా?

ట్రైలర్‌ని లాగే బండి నుంచి విప్పి ఎక్కించి ఉంటారు. కారు బరువు ఇరుసుకి వెనక ఉన్నంతసేపు ట్రైలర్ ఉయ్యాల బల్లలా లేస్తుంది. ఎప్పుడూ తగిలించే ఎక్కించండి, లాగే బండి హ్యాండ్‌బ్రేక్ వేసి చక్రాలకి రాళ్ళు పెట్టి. ట్రైలర్ వెనక మూలల్లో రెండు స్టాండులు ఉంటే ఇంకా మంచిది.

సొంతంగా నడిపి ఎక్కించాలా, వించ్‌తోనా?

వించ్, అంటే తాడు చుట్టుకుంటూ కారుని పైకి లాగే యంత్రం. రేస్ క్లచ్‌తో ఇంచు ఇంచు కదపడం కుదరదు, కుదిపి వదిలితే కారు ట్రైలర్ దాటి లాగే బండి డిక్కీలోకి వెళ్తుంది. వించ్ తాడుకి ఎదురుగా, ర్యాంపు వెనకాల ఎవ్వరూ ఉండకూడదు. ఇంకోటి, వించ్ ఎక్కించడానికే. ప్రయాణంలో దాన్ని ఐదో బెల్టుగా లెక్కపెట్టకండి.

కారు కిందకి ఉంది, ర్యాంపు దగ్గర స్ప్లిటర్ (ముందు బంపర్ కింద ఉండే పలక) తగులుతోంది

ర్యాంపు మొదట్లో పొడుగాటి చెక్కలు వేసి వాలు తగ్గించండి, లేదా లాగే బండి వెనక చక్రాలు ఎత్తు మీద పెట్టి ట్రైలర్ తోక కిందకి దిగేలా చేయండి. స్ప్లిటర్ నాలుగు బోల్టులతో ఊడొచ్చేదైతే ఊడదీసేయండి, పది నిమిషాల పని.

ముందుకి పెట్టి ఎక్కించాలా, వెనక్కి పెట్టా?

ఇంజన్ ముందుండే కార్లు, అంటే మన పోలోలు స్విఫ్ట్‌లు, ముక్కు ముందుకి పెట్టి. బానెట్ కూడా గాలికి సరైన దిశలో ఉంటుంది. వెనక్కి పెడితే గాలి బానెట్ కింద, డిక్కీ సందుల్లో దూరి లేపుతుంది.

ట్రైలర్ మీద కారుని ఎక్కడ ఆపాలో ఎలా తెలుస్తుంది?

ఇది చాలామంది అసలు పట్టించుకోరు. బరువు ఇరుసుకి కొంచెం ముందు పడాలి, అప్పుడే ట్రైలర్ ముక్కు లాగే బండి మీద కూర్చుంటుంది. అమెరికా లెక్కలో మొత్తం ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం ముక్కు మీద ఉండాలంటారు, యూరప్‌లో ఇంకా తక్కువకి ఒప్పుకుంటారు. కారు 950, ట్రైలర్ 550 కలిపి 1500 అయితే 10 శాతం అంటే 150 కిలోలు. మీ బండి టో బార్ మీద ఇంతకంటే తక్కువ లిమిట్ రాసి ఉంటే ఆ లిమిట్ దాటొద్దు.

కొలవాలంటే ఏదైనా కాటాకి వెళ్ళండి. ముందు ట్రైలర్‌ని బండి నుంచి విప్పి మొత్తం కాటా మీద పెట్టి తూచండి, తర్వాత తగిలించి ఇరుసు చక్రాలు మాత్రమే కాటా మీద, బండి బయట ఉండేలా తూచండి. రెండింటి తేడానే ముక్కు బరువు. ఒక్కసారి సరిగ్గా వచ్చాక కారు ముందు చక్రాలు ఆగిన చోట ఫ్లోర్ మీద పెయింటుతో గీత కొట్టి, అక్కడే ఒక ఇనప యాంగిల్ అడ్డంగా బోల్ట్ చేయించేయండి. మళ్ళీ జీవితంలో ఆలోచించక్కర్లేదు, ఇంకో కారు కొనేదాకా.

## కట్టేటప్పుడు

గేర్‌లో వేసి హ్యాండ్‌బ్రేక్ లాగితే ఎటూ కదలదు కదా, బెల్ట్ రెండు చాలు కదా?

హ్యాండ్‌బ్రేక్ ఆపేది చక్రం తిరగడాన్ని, కారు జారడాన్ని కాదు. నూనె మరకలున్న చెకర్డ్ ప్లేట్ మీద చక్రం తిరక్కుండానే కారు సబ్బు ముక్కలా జారుతుంది. గేర్‌లో వేయండి, చక్రాల ముందూ వెనకా చెక్కలు కూడా కొట్టండి, అవన్నీ సాయం మాత్రమే, కట్టడం కింద లెక్కకి రావు. రేస్ అయిపోయి బ్రేకులు కాలిపోతున్నప్పుడు మాత్రం హ్యాండ్‌బ్రేక్ లాగొద్దు, ప్యాడ్ డిస్క్‌కి అతుక్కుంటుంది.

బెల్ట్ చక్రానికి కట్టాలా, చాసీకి కట్టాలా? ఒక్కొక్కళ్ళు ఒక్కోటి చెప్తున్నారు

అందరికంటే ఎక్కువసార్లు వచ్చే ప్రశ్న ఇదే. రెండూ కరెక్టే, కానీ రెండింటి పని వేరు.

చాసీకి కడితే మీరు బాడీని కిందకి లాగుతున్నారు. స్ప్రింగ్ కొంచెం నొక్కుకుంటుంది, బెల్ట్ టైట్‌గా ఉంటుంది, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది. తర్వాత రోడ్డు మీద గుంట వస్తే బాడీ ఇంకో ఇంచు కిందకి దిగుతుంది, ఆ క్షణం బెల్ట్ లూజు, మరుక్షణం బాడీ పైకి లేచి బెల్ట్‌ని ఈడ్చి కొడుతుంది. 450 కిలోమీటర్లలో ఇది ఎన్ని వేలసార్లో మీరే ఊహించుకోండి. ఆ లూజు అయిన క్షణంలో నోరు తెరిచి ఉన్న హుక్ ఊడిపోవచ్చు. నాకు సరిగ్గా ఇదే జరిగింది, మొదటి ట్రిప్పులో. మామూలు ఓపెన్ హుక్కులతో చాసీకి కట్టి బయల్దేరా, ఒంగోలు దాటాక ఎక్కడో ఊడింది, టంగుటూరు టోల్ దగ్గర క్యూలో పక్క లారీ క్లీనర్ కుర్రాడు కేకేసి చెప్తే దిగి చూశా, వెనక ఎడమ బెల్ట్ రోడ్డు మీద ఈడ్చుకుంటూ వస్తోంది, కారు జానెడు పక్కకి జరిగి ట్రైలర్ ఫెండర్ మీద కూర్చుంది. ఆ పిల్లోడి పేరు కూడా అడగలేదు, ఇప్పటికీ గుర్తొస్తుంటుంది.

చక్రానికి కడితే బాడీ స్ప్రింగుల మీద దాని మానాన అది ఊగుతుంది, రోడ్డు మీద నడుస్తున్నట్టే, కానీ చక్రం ఫ్లోర్‌కి అతుక్కుని ఉంటుంది కాబట్టి బెల్ట్ లూజు అవ్వదు. టైర్ మీద జీనులా పడే మూడు కొసల వీల్ బెల్ట్ సెట్లు దొరుకుతాయి. నా ఓటు దీనికే. ఒక్క జాగ్రత్త, టైర్‌లో గాలి దిగితే బెల్ట్ వదులవుతుంది, అందుకని ప్రయాణానికి ముందు 35 పీఎస్‌ఐ దాకా పెంచుతా, స్లిక్స్ (గాళ్ళు లేని రేస్ టైర్లు) తీసేసి పాత రోడ్డు టైర్లు వేస్తా.

చాసీకే కట్టాల్సి వస్తే, స్ప్రింగులు రాయిలా ఉండి కదలికే లేని కారైతే, లాక్ నాలుక ఉన్న హుక్కులే వాడండి, స్ప్రింగ్ నొక్కుకున్న తర్వాత ఇంకో రెండు టిక్కులు బిగించండి, అంతే.

సస్పెన్షన్ ఆర్మ్‌కి హుక్ తగిలిస్తే ఏమవుతుంది?

కొన్ని రోడ్డు కార్ల మందపాటి లోయర్ ఆర్మ్‌కి సాఫ్ట్ లూప్ వేసి కట్టేవాళ్ళున్నారు. రేస్ కారు సన్న ట్యూబ్ ఆర్మ్‌లకి, స్టీరింగ్ రాడ్లకి, యాంటీ రోల్ బార్‌కి, డ్రైవ్ షాఫ్ట్‌కి మాత్రం ఎప్పుడూ వద్దు. కంటికి కనపడనంత వంగుతుంది, ట్రాక్‌లో మూడో ల్యాప్‌లో బయటపడుతుంది.

టో హుక్ ఉంది కదా, దానికి కట్టొచ్చా?

టో హుక్‌ని గ్రావెల్‌లో ఇరుక్కున్న కారుని తిన్నగా లాగడానికి పెట్టారు. తిన్నగా లాగే బెల్ట్ ఒకటి అదనంగా కట్టుకోవచ్చు. ఒకే హుక్ నుంచి రెండు మూలలకీ రెండు బెల్టులు లాగితే కారు దాని చుట్టూ ఇటూ అటూ ఊగుతుంది. చాలా రోడ్డు కార్లకి ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడే రవాణా కోసం అడుగున పొడుగాటి రంధ్రాలు ఉంటాయి, వాటికి టీ ఆకారం హుక్ దొరుకుతుంది, అది టో హుక్ కంటే మేలు.

బెల్టులు క్రాస్‌గా వేయాలా, తిన్నగానా?

ముందు పెద్ద సంగతి: ముందు బెల్టులు ముందుకి లాగాలి, వెనకవి వెనక్కి లాగాలి, రెండు జతలూ కారుని చెరో వైపు ఈడుస్తుంటే అది మధ్యలో ఇరుక్కుని ఎటూ పోలేదు. నాలుగూ ఒకే దిక్కుకి లాగేలా కట్టినవాళ్ళని చూశా, నవ్వొద్దు, రాత్రి రెండింటికి ఎవరైనా చేస్తారు.

పక్కకి జారడం సంగతి వేరే. బెల్ట్ కారు పొడుగునా తిన్నగా ఉంటే పక్కకి అస్సలు ఆపదు. రింగులు కారు వెడల్పు కంటే బయటికి ఉంటే బెల్టులు బయటికి విచ్చుకుని లాగుతాయి, క్రాస్ అక్కర్లేదు. రింగులు లోపలికి ఉంటేనో, వరుసలోనే ఉంటేనో వెనక జతని క్రాస్ చేయండి, ఎడమ చక్రం నుంచి కుడి రింగుకి. క్రాస్ చేసిన చోట బెల్ట్ సైలెన్సర్‌కి, బ్రేక్ పైపుకి, పదునైన అంచుకి రాసుకోకూడదు. టార్చి వేసి కింద దూరి చూడాల్సిందే, షర్ట్ మాసిపోతుందని మొహమాటపడితే కుదరదు.

ఎంత బిగించాలి? పైపు పెట్టి తిప్పమంటున్నారు

పైపు వద్దు. మామూలు చిన్న హ్యాండిల్ రాట్చెట్ మీద 50 కిలోల బలంతో లాగితే బెల్ట్‌లోకి వచ్చేది 300 కిలోల చిల్లరే, లేబుల్ మీద ఎస్‌టీఎఫ్ అని ఉండేది అదే. అంతే చాలు. బెల్ట్ గుంజి వదిలితే గట్టి శబ్దం రావాలి, చేత్తో తోస్తే కారు, ట్రైలర్ కలిసి ఊగాలి. పైపు వేస్తే రాట్చెట్ పన్ను విరుగుతుంది. రాట్చెట్ ఇరుసు మీద బెల్ట్ రెండు మూడు చుట్లు పడేలా చూసుకోండి, ఒక చుట్టే ఉంటే జారిపోతుంది, పది చుట్లయితే లాక్ అయి విప్పేటప్పుడు కత్తి కావాల్సొస్తుంది. మిగిలిన తోక చుట్టి ముడేయండి, లేకపోతే గాలికి కొట్టుకుని పెయింట్ చెక్కేస్తుంది.

స్పీడ్‌లో బెల్ట్ గుయ్యిమని మోగుతోంది

పొడుగ్గా ఖాళీగా ఉన్న చోట గాలికి వణుకుతోంది. ఆ ఖాళీ భాగంలో ఒక మెలిక వేస్తే ఆగుతుంది. రాట్చెట్ లోపల, టైర్ మీద, ఏదైనా అంచు మీద మాత్రం మెలిక పడకూడదు, అక్కడ పూర్తి వెడల్పుతో కూర్చోవాలి.

మాది కాలేజీ ఫార్ములా కారు, కోయంబత్తూరు ఫార్ములా భారత్‌కి వెళ్తున్నాం, చాలా తేలిక, ఇంతా అవసరమా?

తేలిక కాబట్టే ఎక్కువ ఎగురుతుంది తమ్ముడూ. మీ కారుకి చక్రాల మీదే కట్టండి, విష్‌బోన్ల (చక్రాన్ని పట్టుకునే సస్పెన్షన్ ఆర్మ్‌ల) జోలికి వెళ్ళొద్దు, రోల్ హూప్‌కి (డ్రైవర్ తల వెనక ఉండే ఇనప కమాను) పైనుంచి బెల్ట్ వేసి కిందకి గుంజొద్దు, ఫ్రేమ్ వెల్డింగ్ మీద మీకు ఎంత నమ్మకమున్నా సరే. వింగులు విప్పేసి బట్ట చుట్టి లాగే బండి లోపల పెట్టండి. మీరెలాగూ ముందు రోజు తెల్లారుజాము దాకా వైరింగ్ చేస్తుంటారు, అందుకని కట్టడం నిద్రపోయి లేచినవాడికి అప్పజెప్పండి.

కారు లోపల ఏమైనా చేయాలా?

బ్యాటరీ కట్ ఆఫ్ స్విచ్ తిప్పేయండి, పెట్రోల్ అడుగున కొంచెం మాత్రమే ఉంచండి, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పిన్ను పెట్టి ఉందో లేదో చూడండి, కుదుపులకి దానంతటదే పేలి లోపలంతా తెల్లగా అయిపోయిన కారు కడగడం చాలా విసుగు. బానెట్ పిన్నులు, హార్నెస్ బెల్టులు కట్టేయాలి. స్పానర్లు, జాకీ, స్పేర్ చక్రాలు కారులో పడేయకండి.

పట్టా కప్పాలా?

వద్దంటా. గాలికి పట్టా కొట్టుకుని రాసే గీతలు గులకరాళ్ళ కంటే ఎక్కువ. ముందు భాగానికి మాస్కింగ్ టేప్ వేసుకోండి.

## రోడ్డు మీద

ఎంత దూరానికి ఒకసారి ఆపి చూడాలి?

మొదటిసారి 15, 20 కిలోమీటర్లకే. కారు, బెల్ట్, టైర్ అన్నీ కుదురుకునేది ఆ మొదటి కొంచెం దూరంలోనే, ఎంత బాగా కట్టినా ఒకట్రెండు టిక్కులు బిగుస్తాయి. విజయవాడ నుంచి వెళ్ళేవాళ్ళకి కాజ టోల్ దాటాక పక్కకి తీస్తే సరిపోతుంది. తర్వాత ప్రతి టీకి, ప్రతి డీజిల్‌కి. అమెరికా ట్రక్కు డ్రైవర్లకి రూలు ప్రకారం మొదటి 80 కిలోమీటర్ల లోపు ఒకసారి, ఆ తర్వాత 240 కిలోమీటర్లకో మూడు గంటలకో ఒకసారి చూడాలి, మన స్పీడ్ బ్రేకర్లకి ఆ లెక్క సగం చేసుకోండి. ఆగినప్పుడల్లా ట్రైలర్ హబ్‌ల దగ్గర చెయ్యి పెట్టండి, ఒక పక్కది ఇంకో పక్క కంటే బాగా వేడిగా ఉంటే బేరింగ్ సంగతి చూడాలి.

ఎంత స్పీడ్‌లో వెళ్ళాలి?

నేను 60, 65. ఎన్‌హెచ్ 16 సాఫీగా ఉంటుంది, చెయ్యి ఊరుకోదు, కానీ అదే హైవే మీద రాంగ్ సైడ్‌లో బైక్ వస్తుంది, గేదె వస్తుంది, ఊరి దగ్గర సడన్‌గా డైవర్షన్ వస్తుంది. తెల్లారుజామున నాలుగింటికి బయల్దేరితే ఎండ ముదిరేలోపు నెల్లూరు దగ్గర పడతారు.

ట్రైలర్ పాములాగా ఊగడం మొదలైతే ఏం చేయాలి?

యాక్సిలరేటర్ వదిలేయండి, స్టీరింగ్ తిన్నగా గట్టిగా పట్టుకోండి, దానంతటదే సర్దుకునేదాకా ఆగండి. ఊపుకి ఎదురు తిప్పితే ఊపు పెరుగుతుంది, గట్టిగా బ్రేక్ వేస్తే ట్రైలర్ వచ్చి మిమ్మల్ని మడతపెడుతుంది. స్పీడ్ పెంచి లాగేస్తే సెట్ అవుతుందని ఎవరైనా చెప్తే వినకండి. సర్దుకున్నాక ఆపి చూడండి, చాలావరకు బరువు వెనక్కి పడి ముక్కు తేలికయ్యుంటుంది.

వానలో బెల్టులు వదులవుతాయా?

పాలిస్టర్ పెద్దగా నీళ్ళు పీల్చదు. నైలాన్ అయితే సాగుతుంది. వానలో అసలు భయం ఫ్లోర్ జారడం, టైర్ కింద రబ్బర్ మ్యాట్ వేస్తే పట్టు పెరుగుతుంది.

## దించేటప్పుడు, తిరిగొచ్చేటప్పుడు

ఏ బెల్ట్ ముందు విప్పాలి?

మొదట చక్రాలకి చెక్కలు పెట్టండి, వించ్ తాడు తగిలించి టైట్ చేయండి, అప్పుడు బెల్టులు. ఏటవాలు ఎటు ఉందో చూసి, కారు దొర్లే వైపుకి పోకుండా ఆపుతున్న జత చివర్న విప్పాలి. రాట్చెట్ వదిలేటప్పుడు మొహం దూరంగా పెట్టండి, హ్యాండిల్ ఎగిరి కొడుతుంది. ర్యాంపు కింద నిలబడి ఫోన్లో వీడియో తీసేవాణ్ణి అక్కణ్ణించి లాగేయండి.

కారు గుద్దుకుంది, ఒక చక్రం వంగిపోయింది, ఎలా కట్టాలి?

వంగిన చక్రాన్ని నమ్మొద్దు. ఆ మూల చాసీ కింద చెక్కలు పేర్చి బరువు వాటి మీద కూర్చోబెట్టి, ఆ మూల మాత్రం చాసీకి కట్టండి, మిగతా మూడు చక్రాలకి. చెక్కలు కూడా జారకుండా ట్రైలర్‌కి మేకులో, బెల్టో వేయాలి. ఆయిల్, పెట్రోల్ కారుతుంటే ముందు అది ఆపాకే ఎక్కించాలి. ఇలాంటి కారుతో తిరుగు ప్రయాణంలో నేను గంటకోసారి ఆపుతా, రేస్ అయిన రాత్రే బయల్దేరను కూడా, ఒళ్ళు అలిసిపోయినప్పుడు కట్టిన బెల్ట్ పొద్దున చూస్తే సిగ్గేస్తుంది.

బెల్ట్ ఎప్పుడు పారేయాలి?

అంచు కోసుకుపోయినా, కుట్టు ఊడినా, ఎండకి రంగు పోయి గరుకుగా పెళుసుగా అయినా, బ్యాటరీ యాసిడ్ లాంటి కెమికల్ పడినా, హుక్ వంగినా, లేబుల్ చదవలేకపోయినా. ముడేసి కలిపిన బెల్ట్‌ని అసలు వాడకండి, ముడి దగ్గర బలం బాగా పడిపోతుంది. పారేసేటప్పుడు మధ్యకి కోసి పారేయండి, లేకపోతే షెడ్డులో ఇంకెవరో తీసి మళ్ళీ కడతారు, మా షెడ్డులో రెండుసార్లు జరిగింది.